ఉల్కల్లో అమైనో ఆమ్లాలు: అపోహలు - వాస్తవాలు

ఉల్కల పొడిలో కర్బన సమ్మేళనాలను, అంటే కార్బన్ ఆధారంగా ఏర్పడిన అణువులను, వెతకడం నా వృత్తి. "అంతరిక్షంలో జీవం ఆనవాళ్లు" అని పేపర్లో శీర్షిక వచ్చిన ప్రతిసారీ బంధువుల ఫోన్లు మొదలవుతాయి. "అయితే అక్కడ ప్రాణులు ఉన్నట్టేనా?" అన్నది మొదటి ప్రశ్న. "మనం అక్కడి నుంచే వచ్చామా?" అన్నది రెండోది. ఆ అణువు నిజంగా ఆ రాయిదేనా అని మాత్రం ఎవరూ అడగరు. మా పనిదినంలో ఎక్కువ భాగం తినేసేది ఆ ప్రశ్నే.

అపోహ: కర్బన సమ్మేళనం దొరికితే జీవం దొరికినట్టే.

వాస్తవం: ఇవి విశ్వంలో అరుదైన సరుకేమీ కాదు. నక్షత్రాల మధ్య ఉండే మేఘాల్లో ఫార్మాల్డిహైడ్‌ను రేడియో టెలిస్కోపుతో 1969లోనే గుర్తించారు. ఇప్పటికి అలా గుర్తించిన అణువుల సంఖ్య 300 దాటింది. మిథనాల్, ఇథనాల్, ఎసిటిక్ ఆమ్లం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మైనస్ 260 డిగ్రీల దరిదాపు చలిలో, ధూళి రేణువుల మీద పేరుకున్న మంచుకు అతినీలలోహిత కాంతి, కాస్మిక్ కిరణాలు తగిలితే చాలు, ఇలాంటి అణువులు తయారవుతాయి. ప్రాణితో పని లేదు.

1969 సెప్టెంబర్ 28న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మర్చిసన్ అనే ఊళ్లో ఉల్క పడింది. దొరికిన ముక్కలన్నీ కలిపి దాదాపు 100 కిలోలు. అపోలో 11 తెచ్చిన చంద్రశిలల్లో కర్బన పదార్థాలు వెతకడానికి నాసా ఏమ్స్ కేంద్రంలో అప్పటికే పరికరాలు సిద్ధంగా ఉన్నాయి. 1970 డిసెంబర్‌లో అక్కడి బృందం ఈ ఉల్కలో గ్లైసీన్, అలనీన్, వాలీన్ వంటి అమైనో ఆమ్లాలు (ప్రొటీన్లను కట్టే ఇటుకల్లాంటి అణువుల కుటుంబం) ఉన్నాయని ప్రకటించింది. ఆ తర్వాత దశాబ్దాల్లో ఆ జాబితా 80 దాటింది.

జీవం లేదనడానికి సాక్ష్యం ఆ పెద్ద సంఖ్యలోనే ఉంది. మన ప్రొటీన్లు 20 అమైనో ఆమ్లాలతో సరిపెట్టుకుంటాయి. చీటీ రాసుకుని కొట్టుకు వెళ్లినవాడిలా జీవం తనకు కావలసినవే ఏరుకుంటుంది. మర్చిసన్‌లో ఆ ఏరివేత కనిపించదు. నాలుగు కర్బన పరమాణువులున్న అమైనో ఆమ్లం ఎన్ని రూపాల్లో వీలవుతుందో దాదాపు అన్ని రూపాలూ ఉంటాయి. కర్బనాలు పెరిగేకొద్దీ పరిమాణం మెట్లు దిగినట్టు తగ్గుతూ పోతుంది. ప్రొటీన్లలో చోటులేని ఐసోవాలీన్, ఆల్ఫా అమైనో ఐసోబ్యూటిరిక్ ఆమ్లం పుష్కలంగా ఉంటాయి. ఈ తీరు చూడగానే, ఇది వట్టి రసాయన చర్యల పని అని మాకు అర్థమైపోతుంది.

అపోహ: ఉల్కలో అమైనో ఆమ్లం ఉందంటే అది ఆకాశం నుంచే వచ్చింది.

వాస్తవం: మా వృత్తిలో ఎక్కువ పరువు పోగొట్టిన నమ్మకం ఇది. మనిషి వేలిముద్రలో సెరీన్, గ్లైసీన్ ఉంటాయి. అందుకే గాజు సామగ్రినంతా రాత్రంతా 500 డిగ్రీల కొలిమిలో కాలుస్తాం. ఉల్క పొడిని అతిశుద్ధమైన నీటితో గాజు గొట్టంలో పోసి, మూతిని మంట మీద కరిగించి మూసేసి, 100 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతాం. పక్కనే ఇంకో గొట్టం ఉంటుంది. అందులో ఉల్క ఉండదు, బాగా కాల్చి కర్బనమంతా పోగొట్టిన మామూలు రాతిపొడి ఉంటుంది. మిగతా పనంతా అక్షరం పొల్లుపోకుండా అదే. దాన్ని బ్లాంక్ అంటాం. అణువులను విడదీసి చూపే క్రొమటోగ్రాఫ్ యంత్రం నుంచి ఫలితాలు రాగానే నేను ముందు చూసేది ఉల్క గ్రాఫు కాదు, బ్లాంక్ గ్రాఫు. అందులో గ్లైసీన్ ఉనికిని చూపే శిఖరం (పీక్) కాస్త లేచి కనిపించిందంటే మళ్లీ కొలిమి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఎంత జాగ్రత్తపడినా మన చెత్త వెంటే వస్తుంది. వైల్డ్ 2 తోకచుక్క ధూళిని స్టార్‌డస్ట్ నౌక 2006లో భూమికి తెచ్చింది. ఆ నమూనాల్లో ఎక్కువగా కనిపించిన ఒక అమైనో ఆమ్లం నైలాన్ నుంచి ఊడి వచ్చినదని తేలింది. నైలాన్ నుంచి కొంత గ్లైసీన్ కూడా రావచ్చు. మరి దొరికిన గ్లైసీన్ ఎవరిది? కర్బనంలో కాస్త బరువైన రకమైన కర్బనం-13 ఐసోటోపు పాళ్లు కొలిస్తే గాని తేలలేదు. నైలాన్ ముక్కలో ఆ పాళ్లు భూమి మీది పదార్థాల మాదిరే ఉన్నాయి, గ్లైసీన్‌లో స్పష్టంగా ఎక్కువ ఉన్నాయి. తోకచుక్కలో గ్లైసీన్ ఉందని 2009లో చెప్పగలిగింది అప్పుడే.

ర్యుగు గ్రహశకలం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. జపాన్ నౌక హయబుసా 2 అక్కడి నుంచి 2020లో 5.4 గ్రాములు తెచ్చింది. అందులోని ఒక రేణువు మీద సన్నని కడ్డీల్లాంటి, దారాల్లాంటి ఆకారాలు కనిపించాయి. అవి రోజురోజుకీ పెరిగి, తర్వాత తగ్గిపోయాయి. భూమి మీది సూక్ష్మజీవులే ఆ రేణువును ఆక్రమించాయని 2024లో తేల్చారు.

వీటిలో కల్మషం పొరపాటున చేరింది. 1864లో ఫ్రాన్స్‌లో పడిన ఓర్గేయ్ ఉల్క ముక్కలోకైతే ఎవరో మహానుభావుడు విత్తనాలనే చొప్పించాడు. పైన బొగ్గుపొడి అద్ది, జిగురుతో అతికించాడు. ఆ మోసం 1960ల్లో గాని బయటపడలేదు. అన్నేళ్లూ ఆ ముక్క గాజు సీసాలో భద్రంగా ఉంది.

అపోహ: మన అమైనో ఆమ్లాలు ఎడమ రూపంలో ఉండటానికి కారణం ఉల్కలే.

వాస్తవం: ఇంకా తేలలేదు. అమైనో ఆమ్లాల్లో చాలా వాటికి మన రెండు చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బింబాల్లాంటి కుడి, ఎడమ రూపాలుంటాయి. ప్రాణుల ప్రొటీన్లు ఎడమ రూపాన్నే వాడతాయి. మర్చిసన్ ఐసోవాలీన్‌లో ఎడమ రూపం 18 శాతం వరకూ ఎక్కువగా కనిపించడంతో ఈ ఊహకు బలం వచ్చింది. అయితే బెన్నూ గ్రహశకలం నుంచి 2023లో వచ్చిన 121.6 గ్రాముల నమూనా వేరే మాట చెప్పింది. అందులో ప్రొటీన్లకు కావలసిన 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏల్లో అక్షరాల్లా పనిచేసే అయిదు క్షారాలూ (బేస్‌లూ) దొరికాయి. కుడి ఎడమలు మాత్రం దాదాపు సరిసమానం. ఉల్కల్లోని ఎడమ మొగ్గులో కొంతైనా భూమి మీద అంటుకున్నదేమో అన్న అనుమానం నాకు ఎప్పటి నుంచో ఉంది. బెన్నూ దాన్ని పెంచింది.

అపోహ: మిల్లర్ ప్రయోగశాలలో ప్రాణాన్ని సృష్టించాడు. (రెండో వర్గం వారి అపోహ: ఆ ప్రయోగం తప్పని ఎప్పుడో తేలిపోయింది.)

వాస్తవం: రెండూ కాదు. స్టాన్లీ మిల్లర్ 1952లో షికాగోలో మీథేన్, అమోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరిలో విద్యుత్ మెరుపులు పుట్టించి చూశాడు. వచ్చినవి అమైనో ఆమ్లాలు, ప్రాణి కాదు. తొలినాటి భూమి గాలిలో ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఉండి ఉంటాయని నేడు చాలామంది భావిస్తున్నారు, అందులో దిగుబడి బాగా పడిపోతుంది. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అయితే మిల్లర్ దాచి ఉంచిన పాత సీసాలను ఆయన మరణానంతరం కొత్త పరికరాలతో పరీక్షిస్తే, అగ్నిపర్వతపు ఆవిరిని అనుకరించిన ప్రయోగంలో 22 అమైనో ఆమ్లాలు కనిపించాయి. 2008లో ఆ ఫలితం వచ్చింది.

ఈ దారిలో పేరు చెప్పుకోవలసిన ఇంకొకరు సిరిల్ పొన్నంపెరుమ. శ్రీలంకలోని గాలెలో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి, ఆ తర్వాత రసాయనశాస్త్రంలోకి వచ్చారు. మర్చిసన్‌లో అమైనో ఆమ్లాలు కనుగొన్న బృందంలో ఆయనా ఒకరు.

అపోహ: కె2-18బి గ్రహం మీద జీవం ఉన్నట్టు రుజువైంది.

వాస్తవం: లేదు. 124 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ గ్రహం వాతావరణంలో డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని దగ్గరి బంధువు గానీ ఉండవచ్చని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. భూమి మీద దాన్ని ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవులు పుట్టిస్తాయి కాబట్టి అంత గోల. అదే సమాచారాన్ని తిరగేసిన ఇతర బృందాలు ఆ సంకేతం అంత గట్టిది కాదన్నాయి. పైగా 67పి తోకచుక్క దగ్గర రోసెట్టా నౌక సేకరించిన కొలతల్లో కూడా డైమిథైల్ సల్ఫైడ్ కనిపించింది. తోకచుక్క మీద చేపలూ లేవు, నాచూ లేదు.

అపోహ: హైదరాబాద్ మీద ఆకాశంలో గ్రహాంతర బాక్టీరియా దొరికింది.

వాస్తవం: 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు సేకరించింది. వాటిలో అప్పటివరకూ తెలియని మూడు బాక్టీరియా జాతులున్నాయని ఇస్రో 2009లో ప్రకటించింది. అవి భూమి వెలుపలి నుంచి వచ్చాయని కచ్చితంగా నిరూపణ కాలేదని ఆ ప్రకటనలోనే ఉంది, కానీ ఆ వాక్యం వాట్సాప్ దాకా రాలేదు. అంత ఎత్తున అవి దొరకడం ఆసక్తికరమైన విషయమే, కాదనను. ఆ మూడింటిలో ఒకటైన బాసిల్లస్ ఆర్యభట్టాయ్‌ని తర్వాతి కాలంలో మామూలు నేలల్లో, మొక్కల వేళ్ల చుట్టూ ఉండే మట్టిలో గుర్తించారు.