ఆవు కంటే ముందు గడ్డి పోయింది: హైదరాబాద్ చుట్టూ మేతనేలల నేపథ్యం

2025 మార్చి చివరలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను ఆపించినప్పుడు, నగరమంతా ఒకే ప్రశ్న చుట్టూ వాదించుకుంది. అది అడవా, కాదా? జింకలను, నెమళ్లను చూసినవారు అడవేనన్నారు. రెవెన్యూ రికార్డులు తిరగేసినవారు కాదన్నారు. ఆ రికార్డుల్లో ఆ భూమి 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని ఉంది. కంచ అంటే కాపలా పెట్టి కాచిన మేతబీడు, అస్తబల్ అంటే గుర్రపుశాల. సర్కారు గుర్రాల మేత కోసం విడిచిపెట్టిన గడ్డినేల అన్నమాట. దానిని గడ్డినేలగా గుర్తించి మాట్లాడినవారు చాలా తక్కువ. ఈ మరుపు ఆ ఒక్క సర్వే నంబరుతో ఆగలేదు. నగరం చుట్టుపక్కల దేశవాళీ పశుసంతతి ఎందుకు చిక్కిపోయిందో అర్థం కావాలంటే ముందు అక్కడి గడ్డి ఏమైందో తెలుసుకోవాలి.

ఈ విషయం ఇప్పుడు మళ్లీ ముందుకు రావడానికి కారణముంది. శంకర్‌పల్లి, చేవెళ్ల, షాద్‌నగర్, యాచారం వైపు నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న కుటుంబాల్లో కొన్ని పాల వ్యాపారం జోలికి పోకుండా నాటు ఆవులను పెంచుతూ, దూడకు తల్లిపాలు పూర్తిగా వదిలి, మందను నెమ్మదిగా పెంచుకోవాలని చూస్తున్నాయి. ఆలోచన మంచిదే. కానీ పాలు అమ్మని ఆవు ఇంటికి ఇచ్చేది ఏడాదికో, ఏడాదిన్నరకో ఒక దూడ, దానితో పాటు ఎరువు. అంత చిన్న రాబడి మీద నిలబడాలంటే మేత దాదాపు ఖర్చు లేకుండా దొరకాలి. వరిగడ్డి కట్టలు కొని, దాణా కొని, మేతగడ్డి అయిన సూపర్ నేపియర్‌కు బోరునీళ్లు పెట్టి పెంచితే ఆ లెక్క తేలదు. ఇటువంటి పెంపకం ఎక్కడ నిలిచినా దాని కింద ఆవు తనంతట తాను మేసే పచ్చిక ఉంది.

తెలుగు నేలకు ఈ పద్ధతి కొత్తది కాదు. ప్రకాశం జిల్లాలోని గుండ్లకమ్మ, మూసి, పాలేరు నదుల పరీవాహకంలో ఒంగోలు జాతిని పెంచిన రైతు మంచి కోడెదూడ పుడితే తల్లి పాలు పిండకుండా దూడకే వదిలేవాడు. ఆ కోడె ఎద్దయి నాగలికో, బండికో కుదిరినప్పుడు వచ్చే ధర పాల మీద వచ్చేదానికంటే మిన్న. ఊరి దేవుడి పేర విడిచిన ఆబోతు అన్ని మందల్లోనూ తిరిగేది. దానిని ఎంపిక చేయడంలో పెద్ద రైతుల పట్టింపు ఉండేది కనుక జాతి నిలిచింది. ఇటు నల్లమల అంచున అమ్రాబాద్ ప్రాంతంలోని పొడ తూర్పు పశువులది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు పొడలుండే ఈ ఆవులు పాలకు పేరుపడినవి కావు. మందలుగా అడవిలో, బీళ్లలో మేస్తాయి, దూడలు తల్లుల వెంటే పెరుగుతాయి, కోడెలు కురుమూర్తి జాతర వంటి సంతల్లో ఎద్దులుగా అమ్ముడుపోతాయి, పంట లేని రోజుల్లో మందను చేలో కట్టించుకుని రైతులు ఎరువు పొందుతారు. తెలంగాణ నుంచి జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా నమోదైన పశువు ఇదే కావడం యాదృచ్ఛికం అనుకోను. మేయడానికి అడవి మిగిలిన చోటే జాతి మిగిలింది. పాత హైదరాబాద్ రాష్ట్రపు పడమటి భాగంలో ఉద్గీర్, బీదర్, జహీరాబాద్ వైపు పెరిగిన దేవణి జాతికి మాత్రం పాలు, సేద్యం రెండూ ఉండేవి. నల్లరేగడిలో పండే జొన్నల చొప్పే దానికి ఆధారం.

ఆ గడ్డి ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. దక్కన్ పీఠభూమి ఎర్రనేలల మీద, గుట్టల మీద సహజంగా పెరిగేవి సెహిమా, డైకాంథియమ్, హెటెరోపోగాన్ తెగల గడ్డి. తొలకరికి మొలిచి, ఆగస్టు, సెప్టెంబరు నాటికి ఏపుగా ఎదిగి, విత్తనం రాలాక కార్తీకం దాటేసరికి ఎండి పీచుగా మారతాయి. అప్పటి నుంచి మళ్లీ వానలు పడేవరకు పశువు ఒళ్లు కరిగించుకునే బతుకుతుంది. ఆ లోటును జొన్నచొప్ప, వేరుశనగ కట్టె, కంది పొట్టు పూడ్చేవి. కంచకు కాపలా ఉండేది, వానకాలంలో కొంత భాగాన్ని మేపకుండా ఆపేవారు, విత్తనం రాలనిచ్చి తరువాత కోసి వాము వేసేవారు. గడ్డినేల దానంతట అదే నిలవదు. కాసే మనిషి, ఆగే కాలం ఉంటేనే నిలుస్తుంది.

ప్రభుత్వాలు ఈ సంబంధాన్ని గుర్తించలేదని చెప్పలేం. లిన్‌లిత్‌గో అధ్యక్షతన 1926లో ఏర్పడి 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్, మేత చాలక పశువు బలహీనపడుతుందనీ, బలహీనమైన ఎద్దులు పనికి చాలక రైతు మరిన్ని పశువులను ఉంచుకుంటాడనీ, వాటితో మేత ఇంకా తరుగుతుందనీ ఆ విషవలయాన్ని స్పష్టంగా వర్ణించింది. అయినా తరువాత వచ్చిన పథకాలు ఆ వలయంలో ఒక్క కొసనే పట్టుకున్నాయి. మొదటి పంచవర్ష ప్రణాళికలోని కీ విలేజ్ పథకం ఎంపిక చేసిన ఆబోతులను, కృత్రిమ గర్భధారణను ఊళ్లకు తెచ్చింది. 1960లలో సమగ్ర పశు అభివృద్ధి పథకాలు, ఆ వెంట జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు, 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌తో పాల సేకరణ వచ్చాయి. పాల దిగుబడి పెరిగింది, లక్షల ఇళ్లకు నెలనెలా చేతిలోకి డబ్బు వచ్చింది. దానిని తక్కువ చేయడం న్యాయం కాదు. కానీ ఆ కార్యక్రమాల్లో పశుగ్రాసం చివరి పేరాగా మిగిలింది. ఊరుమ్మడి పచ్చికకు ఆ పేరాలోనూ చోటు దక్కలేదు.

ఆ లోపల నేల జారిపోయింది. పటాన్‌చెరులో 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా, మన మెదక్, మహబూబ్‌నగర్ గ్రామాలతో సహా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లోని ఊరుమ్మడి భూములను లెక్కగట్టి 1986లో ప్రచురించారు. 1950ల ఆరంభానికీ 1980ల ఆరంభానికీ మధ్య ఆ భూముల విస్తీర్ణం రాష్ట్రాన్ని బట్టి 31 నుంచి 55 శాతం వరకు తగ్గిపోయింది. అందులో కొంత భూమిలేని పేదలకు పంచినది. ఆ పంపకాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పదు. తరతరాలుగా భూమి దక్కనివారికి నాలుగెకరాల గైరాన్ (ఊరుమ్మడి మేతబీడు) దక్కడం న్యాయమే. అయితే పట్టా చేతికొచ్చినా నీరు, పెట్టుబడి రాని కారణంగా చాలా చోట్ల ఆ భూములు మళ్లీ చేతులు మారాయని అదే అధ్యయనం చెప్పింది. మిగిలిన బీళ్లలో కాపలా వ్యవస్థ కూలిపోయి, ఏడాది పొడవునా మేతతో మంచి గడ్డి విత్తనమే రాలకుండా పోయి, సర్కారు తుమ్మ, వయ్యారిభామ కమ్ముకున్నాయి. గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు రూపొందించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. నగరం చుట్టూ ఆ సరికే కంచలు పరిశోధనా సంస్థలుగా, లేఅవుట్లుగా, ఐటీ భవనాలుగా మారిపోయాయి.

పంటల మార్పు రెండో దెబ్బ. జొన్న తగ్గి పత్తి పెరిగినప్పుడు గింజతో పాటు చొప్ప కూడా పోయింది. పత్తికట్టెను పశువు తినదు. సాగునీరు వచ్చిన చోట వరి పెరిగినా కోతమిషన్ వదిలే గడ్డి నలిగి, చెల్లాచెదురై, చాలా పొలాల్లో కాలి బూడిదవుతోంది. ట్రాక్టరు వచ్చాక కోడెదూడకు ఉన్న ఒకే ఒక్క కొనుగోలుదారు మాయమయ్యాడు. మాంసం కోసం దూడను పెంచే దారి మన దగ్గర ఆనవాయితీగానూ లేదు, 1977 నాటి గోవధ నిషేధ, జంతు సంరక్షణ చట్టం తరువాత ఆవుకూ దూడకూ చట్టరీత్యానూ లేదు. దూడే రాబడిగా బతికిన పెంపకానికి దూడ బరువైంది.

ఇదే పెంపకం వేరే దేశాల్లో ఎలా నిలిచిందో చూస్తే మన లోటు ఎక్కడుందో తేటపడుతుంది. బ్రిటన్‌లో 1919లో అబెరిస్ట్‌విత్‌లో స్థాపించిన వేల్స్ మొక్కల ప్రజనన కేంద్రం పశువు జోలికి పోకుండా గడ్డి మీద పనిచేసింది. జార్జ్ స్టేపుల్డన్ నాయకత్వంలో రైగ్రాస్, తెల్ల క్లోవర్ రకాలను తయారుచేసి, ముసలిదైన పచ్చికను దున్ని కొత్త విత్తనం చల్లడాన్ని పంటమార్పిడిలో భాగం చేసింది. తల్లిపాలతో దూడను ఎనిమిది, తొమ్మిది నెలలు పెంచి అమ్మే అక్కడి కుటుంబ కమతాలు ఆ పచ్చిక మీదే నిలిచాయి. అలాగని గడ్డి ఒక్కటే వాటిని బతికించిందనడం సరికాదు. ఐరోపా 1980లో అటువంటి ఆవులకు తలా ఇంత అని ప్రీమియం ఇచ్చింది, 1984లో పాల మీద కోటా విధించడంతో ఈ ఆవులకు చోటు పెరిగింది. 2015లో కోటా ఎత్తివేశాక ఐర్లండ్‌లో చాలా పొలాలు తిరిగి పాలవైపు మళ్లాయి.

మనసును ఎక్కువగా కలచే ఉదాహరణ బ్రెజిల్. మన నెల్లూరు, ఒంగోలు తీరం నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో మొదలై 1960ల తొలినాళ్ల వరకు అక్కడికి వెళ్లిన పశువులు కొన్ని వేలు మాత్రమే. చివరి దఫాల్లో వెళ్లిన ఒక ఆబోతుకు ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే ఉండేది, ఆ దేశపు వంశావళి పుస్తకాల్లో ఆ పేరు ఇప్పటికీ గౌరవంగా కనిపిస్తుంది. 20 కోట్లు దాటిన బ్రెజిల్ పశువుల్లో నేడు అధికభాగం నెలోర్ (ఒంగోలు జాతికి అక్కడి పేరు) లేదా దాని సంకరం. ఆవులు తెరపిగా మేస్తూ దూడలను ఏడెనిమిది నెలలు తామే పెంచుతాయి. దానికి దన్నుగా నిలిచింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియేరియా గడ్డి. ఆ దేశపు ప్రభుత్వ పరిశోధనా సంస్థ ఎంబ్రాపా 1984లో మరందు రకాన్ని విడుదల చేశాక సెరాడో పీఠభూమిలో ఆమ్ల నేలలకు సున్నం వేసి కోట్ల ఎకరాల్లో దానిని విత్తారు. ఆ క్రమంలో అక్కడి సహజ వృక్షసంపద భారీగా నశించింది, అది అనుకరించదగినది కాదు. అయినా మన ఆవుకు వాళ్లు ముందు గడ్డి చూశారన్నది కాదనలేని వాస్తవం.

బ్రాకియేరియా మనకూ పరాయిది కాదు. ఉప్పల్, నాగోలు, పీర్జాదిగూడ దిగువన మూసీ మురుగునీటితో దశాబ్దాలుగా పెంచుతున్న పారాగడ్డి ఆ కుటుంబంలోదే. మురుగు పెరిగి వరి దిగుబడి పడిపోయినప్పుడు రైతులు దానికి మళ్లారు. ఏడాది పొడవునా కోతకొచ్చే ఆ గడ్డి నగరంలోని గేదెల పాకలకు అమ్ముడుపోయింది. హైదరాబాద్‌కు దొరికిన పచ్చిక అదొక్కటే, అదీ భారలోహాల భయంతో కూడినది, కట్టేసి మేపే గేదెలకే పరిమితమైనది.

మెట్టబీళ్లను తిరిగి పచ్చికగా మార్చే విద్య మాత్రం ఈ నగరంలోనే ఉంది. శంషాబాద్ దారిలో మామిడిపల్లిలోని కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు పశుగ్రాస పరిశోధన విభాగం, సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ 'క్రిడా' ఈ పనిలో ఉన్నవే. అంజన్ గడ్డితో స్టైలో అనే పప్పుజాతి మేతమొక్క కలిపి తొలకరిలో చల్లడం, స్టైలో గింజ పెంకు గట్టిది కనుక 80 డిగ్రీల వేడినీటిలో నాలుగు నిమిషాలు ఉంచి ఆరబెట్టడం, మొదటి ఏడాది పశువును తోలకుండా విత్తనం రాలనివ్వడం, గట్ల మీద దశరథ గడ్డి, సుబాబుల్ పెట్టడం తెలిసిన పద్ధతులే. స్టైలో విత్తనం పండించి అమ్మడంలో అనంతపురం రైతులకు ఎన్నో ఏళ్ల అనుభవముంది. ఆంత్రాక్నోస్ తెగులు కొన్ని రకాలను దెబ్బతీసినా తట్టుకునేవి తరువాత వచ్చాయి. ఊరుమ్మడి బీళ్లలో విత్తిన గడ్డి రెండో ఏటికల్లా మాయం కావడానికి కారణం విత్తనం కాదు. ఎవరు ఎప్పుడు మేపాలో తేల్చే అధికారం ఎవరి చేతిలోనూ లేకపోవడమే. కాబట్టే సొంత పొలమున్న కుటుంబం ఈ పనిని ఊరికంటే సులువుగా చేయగలదు. రెండెకరాలను మూడు ముక్కలుగా ఆపి మేపుకునే స్వేచ్ఛ దానికుంది.

2014 డిసెంబరులో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ దేశవాళీ జాతుల పేరుతోనే వచ్చింది. అందులో ప్రముఖంగా కనిపించేది మళ్లీ వీర్యమే. ఇప్పుడు పదింట తొమ్మిది పెయ్యదూడలే పుట్టేలా లింగనిర్ధారిత వీర్యం ఇస్తున్నారు, అక్కరలేని కోడెదూడ సమస్యకు అది కొంత ఉపశమనం. గడ్డి వైపు చెప్పుకోదగిన మార్పు 2024 ఫిబ్రవరిలో వచ్చింది. జాతీయ పశుధన మిషన్‌ను సవరించిన కేంద్ర మంత్రివర్గం అటవీయేతర భూముల్లో, బంజర్లలో, మేతబీళ్లలో, క్షీణించిన అటవీ భూముల్లో పశుగ్రాసం పెంచడానికి రాష్ట్రాలకు సాయాన్ని అందులో చేర్చింది. అవుటర్ రింగ్ రోడ్డు లోపల అందుకు తగిన నేల మిగిలిందనుకోను. వికారాబాద్, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల్లో గైరాన్ ఇంకా కాగితం మీదైనా ఉన్న గ్రామాల్లో పంచాయతీలు ముందుగా సర్వే చేయించి హద్దురాళ్లు పాతించుకుని, మేపు కాలాన్ని తీర్మానంగా రాసుకుంటే తప్ప ఆ సాయం దిగడానికి అక్కడా నేల ఉండదు.