పాత వాక్‌మన్ రిపేరు: అపోహలు - వాస్తవాలు

సోనీ 1979లో మొదటి వాక్‌మన్ తెచ్చాక, ఏ కంపెనీ చిన్న క్యాసెట్ ప్లేయరైనా మనకు వాక్‌మనే. రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే అలాంటి చవక సెట్లు అటకల మీద నుంచి నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. తెచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఒక్కటే: "మోటారు పోయిందండీ."

అపోహ: ప్లే నొక్కినా క్యాసెట్ తిరగకపోతే మోటారు కాలిపోయినట్టే.

వాస్తవం: చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నగా గుయ్‌మని వినిపిస్తే మోటారు తిరుగుతోంది, పోయింది దాని తిప్పుడును క్యాసెట్‌కు అందించే సన్నటి రబ్బరు బెల్టు. వెనక మూత విప్పితే అది సాగి వేలాడుతూనో, కరిగి తారులా పుల్లీకి అతుక్కునో కనిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన కాటన్ బడ్స్‌తో ఆ జిగురంతా తీసేయాలి. ఓపిక కావాలి, ఒక్కోసారి ఇరవై బడ్స్ పడతాయి. కొంచెం మిగిలినా కొత్త బెల్టు అక్కడ జారుతుంది. అసలు చప్పుడే లేకపోతే బ్యాటరీ స్ప్రింగులు చూడండి. ఆల్కలైన్ బ్యాటరీ కారి పేరుకున్న తెల్లటి పొడి వెనిగర్ తడితో వదులుతుంది. తర్వాత తుడిచి ఆరబెట్టాలి.

అపోహ: బెల్టు బదులు రబ్బరు బ్యాండు వేస్తే చాలు.

వాస్తవం: తిరుగుతుంది, కానీ పాట ఊగుతుంది. బ్యాండు మందం అంతటా ఒకేలా ఉండదు, పైగా మోటారును ఒక పక్కకు లాగేస్తుంది. బెల్టు తిరిగే దారి వెంట దారం చుట్టి కొలవండి, అందులో 5 నుంచి 10 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు తీసుకోండి.

అపోహ: సౌండు మందంగా ఉంటే, టేపు మీది పాటను చదివే హెడ్డు అరిగిపోయినట్టు.

వాస్తవం: ముందు హెడ్డు మీది గోధుమరంగు మురికి తుడవండి. అది టేపు నుంచి రాలిన ఐరన్ ఆక్సైడ్. తర్వాత క్యాసెట్ కూడా చూడండి. టేపును హెడ్డుకు నొక్కి పట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోతే ఎంత మంచి సెట్టయినా మందంగానే పాడుతుంది. హెడ్డు పక్కనున్న స్క్రూ వదులుగా ఉందనుకుని దయచేసి బిగించకండి, అది హెడ్డు వాలును సరిచేసేది.

అపోహ: స్పీడు తగ్గితే నూనె వేయాలి.

వాస్తవం: కుట్టుమిషన్ నూనె బెల్టుకు తగిలితే పని మొదటికొస్తుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదలాలి. కొత్త బెల్టు వేశాక 5 నిమిషాల పాట 5 నిమిషాల 15 సెకన్లకు అయితే దాదాపు 5 శాతం స్లో. అప్పుడు స్పీడు సరిచేసే చిన్న స్క్రూను, పాత స్థానం పెన్నుతో గుర్తు పెట్టుకుని, వెంట్రుకవాసి తిప్పాలి.

మూత పెట్టాక మొదటి ట్రయల్‌కు తాతయ్య గొంతున్న క్యాసెట్ మాత్రం వద్దు. టేపును నొక్కి నడిపే రబ్బరు రోలర్ మురికిగా ఉంటే టేపును లోపలికి లాగి నలిపేస్తుంది. పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి రెండు వైపులా పూర్తిగా పాడించి, ఆ తర్వాతే దాన్ని పెట్టండి.