బుల్లెట్ బరువు ఎంత ఉండాలి? పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పెద్ద జంతువుల వేటకు వాడే రైఫిల్‌కు ఎంత బరువున్న బుల్లెట్ ఎంచుకోవాలని అడిగారు. జంతువు పెద్దదైతే బుల్లెట్ కూడా బరువైనదే కావాలి కదా, ఇందులో ఆలోచించడానికి ఏముందని చివర ఒక మాట తగిలించారు. ఆలోచించడానికి చాలానే ఉంది. నన్నడిగితే బరువు అనేది మొదట తేల్చుకోవలసిన సంగతే కాదు. ఏ జంతువు, ఎంత దూరం, బుల్లెట్‌ను ఎలా కట్టారు, బ్యారెల్ లోపలి గాడులు ఎంత బిగువుగా తిరుగుతున్నాయి, కాల్చేవాడి భుజం ఎంత తన్నును ఓర్చుకుంటుంది అన్నవి తేలిన తర్వాత, బరువు విషయంలో మనం ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఈ ఉత్తరంలో తూటా అంటే కేసు అనే లోహపు గొట్టం, అందులోని తుపాకి మందు, బుల్లెట్ అన్నీ కలిసిన మొత్తం వస్తువు. బుల్లెట్ అంటే బ్యారెల్ లోంచి బయటికి పోయే లోహపు ముక్క మాత్రమే. పెట్టె మీద 150, 165, 180 అని వేసే అంకెలు ఆ లోహపు ముక్క బరువును గ్రెయిన్లలో చెబుతాయి. ఒక గ్రెయిన్ సుమారు 64.8 మిల్లీగ్రాములు, 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే 180 గ్రెయిన్ల బుల్లెట్ బరువు 12 గ్రాములు కూడా ఉండదు. అరటన్ను బరువుండే మూస్ అనే పెద్ద దుప్పిని పడగొట్టేది అంత చిన్న ముక్క అని గుర్తుంచుకుంటే, అది ఎక్కడ తగులుతుంది, ఎంత లోతుకు పోతుంది అన్నవి ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది.

అమెరికా సైన్యం 1906లో స్వీకరించిన థర్టీ ఆట్ సిక్స్ తూటాను ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే అంతటి విస్తారమైన బరువుల్లో బుల్లెట్లు దొరికే తూటాలు తక్కువ. ఒకే కేసులో, ఒకే ఒత్తిడి పరిమితికి లోబడి నింపినప్పుడు బుల్లెట్ బరువు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు సుమారు 885 మీటర్ల వేగంతో బయలుదేరితే, 180 గ్రెయిన్లది సుమారు 823 మీటర్లతోను, 220 గ్రెయిన్లది సుమారు 730 మీటర్లతోను బయలుదేరుతుంది. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రంతో గతిజశక్తిని లెక్కకట్టి చూడండి. మొదటిదానికి 3,800 జౌళ్లు, రెండోదానికి 3,950, మూడోదానికి మళ్లీ 3,800 దగ్గర వస్తుంది. శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే బరువును వేగంతో ఒక్కసారే గుణించి ద్రవ్యవేగం చూస్తే 8.6, 9.6, 10.4 అని మెట్లెక్కినట్టు పెరుగుతుంది. అడ్డొచ్చిన కండరాన్ని, ఎముకను తోసుకుంటూ పోవడానికి ఈ రెండో లెక్క ఎక్కువ దగ్గరగా ఉంటుంది. పెట్టె మీద శక్తిని మాత్రమే పెద్ద అక్షరాలతో అచ్చువేసే అలవాటు నాకు అందుకే నచ్చదు.

ఈ సంగతిని చట్టం చేసినవాళ్లు కూడా గుర్తించారు. స్వీడన్‌లో మూస్ వంటి పెద్ద జంతువుల మీద వాడే తూటాకు రెండు దారులు ఉన్నాయి. బుల్లెట్ 9 గ్రాములకు తగ్గకుండా, 10 గ్రాములకు లోపుగా ఉంటే 100 మీటర్ల దూరంలో దానికి కనీసం 2,700 జౌళ్ల శక్తి మిగిలి ఉండాలి. 10 గ్రాములు, ఆ పైన ఉంటే 2,000 జౌళ్లు చాలు. బరువు కాస్త పెరిగితే 700 జౌళ్లు మినహాయించారంటే, బరువు చేసే పనిని శక్తి అంకె పూర్తిగా చెప్పలేదని ఒప్పుకున్నట్టే.

అయితే బరువు ఒక్కటే చూడడం కూడా పొరపాటే, ఆ బరువు ఎంత సన్నని ఒంటిలో ఇమిడి ఉందో చూడాలి. మొనతో దించిన గునపం నేలలోకి ఎంత దిగుతుందో, అదే బరువున్న సమ్మెట అంత దిగదు కదా. బుల్లెట్ బరువును పౌండ్లలో తీసుకుని, దాని వ్యాసాన్ని అంగుళాల్లో వర్గం చేసి భాగిస్తే వచ్చే అంకెను సెక్షనల్ డెన్సిటీ అంటారు. .308 అంగుళాల వ్యాసం ఉన్న 150 గ్రెయిన్ల బుల్లెట్‌కు అది 0.226, 180కి 0.271, 220కి 0.331. ఇప్పుడు 6.5 మిల్లీమీటర్ల బుల్లెట్‌ను చూడండి. బరువు 140 గ్రెయిన్లే అయినా సన్నగా, పొడవుగా ఉండడం వల్ల దాని అంకె 0.287, అంటే థర్టీ ఆట్ సిక్స్‌లోని 180 కంటే ఎక్కువ. అందుకే వేరు వేరు వ్యాసాల బుల్లెట్ల బరువులను పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అనకూడదు. ఒకే వ్యాసంలో ఉన్న రెండింటి బరువులను పోల్చడానికే పెట్టె మీది అంకె పనికొస్తుంది.

ఇక్కడిదాకా చెప్పిన లెక్కలన్నీ బుల్లెట్ విరగకుండా, చిట్లకుండా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డవి. ఆ నమ్మకం అన్నిసార్లూ నిజం కాదు. వేట బుల్లెట్ తగలగానే దాని ముక్కు వెడల్పుగా విచ్చుకోవాలి. విచ్చుకుంటేనే గాయం పెద్దదై జంతువు త్వరగా ప్రాణం విడుస్తుంది. కానీ మరీ వేగంగా, మరీ ఎక్కువగా విచ్చుకుంటే సీసం ముక్కలై చర్మం కిందే ఆగిపోతుంది, గుండె దాకా, ఊపిరితిత్తుల దాకా పోదు. జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడికి 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఇదే ఎదురైంది. శక్తిమంతమైన .300 మ్యాగ్నమ్ రైఫిల్‌తో మూస్‌ను కొడితే బుల్లెట్లు లోపలికి దిగలేదు. తూటాలో శక్తికి కొరత లేదు, బుల్లెట్ కట్టుబడి ఆ వేగానికి ఆగలేదు. ఆయన తిరిగొచ్చి రాగి తొడుగు మధ్యలో ఒక అడ్డుగోడ ఉండేలా బుల్లెట్ తయారు చేశాడు. గోడకు ముందున్న సీసం విచ్చుకుంటుంది, వెనకనున్నది చెక్కుచెదరకుండా లోపలికి పోతూనే ఉంటుంది. పార్టిషన్ అన్న పేరుతో 1948లో అమ్మకానికి వచ్చిన ఆ బుల్లెట్ ఇప్పటికీ దొరుకుతోంది.

అనుభవమున్న వేటగాళ్లు జంతువును కోసేటప్పుడు అవతలి పక్క చర్మం కింద ఇరుక్కున్న బుల్లెట్‌ను తీసి, కడిగి, చిన్న త్రాసులో తూస్తారు. 180 గ్రెయిన్లతో బయలుదేరిన పార్టిషన్ 120 దగ్గర తూగడం మామూలే. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ అయితే దాదాపు బయలుదేరిన బరువుతోనే దొరుకుతుంది. చివరిదాకా మోసుకుపోలేని బరువుకు డబ్బు పెట్టి ప్రయోజనం ఏముంది? అందుకే గట్టిగా కట్టిన బుల్లెట్ వాడేవాళ్లు ఒక మెట్టు తేలికైనదానికి దిగవచ్చు. మామూలు సీసపు బుల్లెట్‌లో 180 వాడేచోట రాగిదైతే 165, ఒక్కోసారి 150 కూడా సరిపోతుంది.

రాగితో ఒక చిక్కు కూడా ఉంది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములైతే రాగిది 8.96 మాత్రమే, కాబట్టి అదే వ్యాసంలో అంతే బరువు రావాలంటే రాగి బుల్లెట్ పొడవు పెరగక తప్పదు. పొడవు పెరిగితే బ్యారెల్ గాడులు దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి. 1955లో ఒకే వ్యాసం బుల్లెట్‌తో రెండు తూటాలు బజారులోకి వచ్చాయి. .243 వించెస్టర్ బ్యారెల్ 10 అంగుళాలకు ఒక చుట్టు తిప్పేది, .244 రెమింగ్టన్‌ది 12 అంగుళాలకు ఒక చుట్టు. ఆ నిదానపు చుట్టుతో 90 గ్రెయిన్ల దాకా నిలకడగా పోయేవి కానీ, జింకల వేటకు జనం కోరుకున్న పొడవాటి 100 గ్రెయిన్ల బుల్లెట్లకు ఆ భరోసా లేదు. తూటాగా .244 ఏ విధంగానూ తీసిపోకపోయినా కొనేవాళ్లు .243 వైపే పోయారు. 1963లో ఆ .244 తూటాకే 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, 9 అంగుళాల చుట్టుతో మళ్లీ తెచ్చారు. తగినంత తిప్పు అందని బుల్లెట్ గాలిలో తలకిందులవుతుంది. గురి కాగితం మీద గుండ్రని రంధ్రానికి బదులు పక్కకు సాగిన చిరుగు కనిపిస్తే అదే దాని గుర్తు. కాబట్టి పెట్టె కొనే ముందు మీ బ్యారెల్ చుట్టు ఎంతో చూసుకోవాలి.

దూరం గురించి మీరు అనుకున్నంత బెంగ అవసరం లేదు. ఒకే ఆకారం ఉన్న 150, 180 గ్రెయిన్ల బుల్లెట్లు రెండింటికీ 200 గజాల దగ్గర గురి కుదిర్చి 300 గజాల దగ్గర చూస్తే, కిందికి జారడంలో తేడా రెండంగుళాలు దాటదు. పైగా బరువైనది తన వేగాన్ని నెమ్మదిగా కోల్పోతుంది, పక్కగాలికి తక్కువగా కొట్టుకుపోతుంది. దూరం విషయంలో అసలు చూడవలసింది వేరే ఉంది. చాలా వేట బుల్లెట్లు సెకనుకు సుమారు 550 మీటర్ల కంటే తక్కువ వేగంతో తగిలితే సరిగా విచ్చుకోవు, సన్నని రంధ్రం చేసి దూసుకుపోతాయి. మీ తూటా ఎంత దూరంలో ఆ వేగానికి పడిపోతుందో తెలుసుకుని, అంతకు మించిన దూరంలో జంతువు మీద ట్రిగర్ నొక్కకుండా ఉండాలి.

ఇక భుజం. ఇందాక చూసిన ద్రవ్యవేగమే తిరిగి రైఫిల్ మీదికి వస్తుంది. బరువైన బుల్లెట్ ఎక్కువ తన్నుతుంది. ఆ తన్నుకు బెదిరినవాడు తూటా పేలకముందే కళ్లు మూసుకుంటాడు, ట్రిగర్‌ను నొక్కడానికి బదులు గుంజుతాడు. అలా పొట్టలో తగిలిన 220 గ్రెయిన్ల కంటే ఊపిరితిత్తుల్లో తగిలిన 150 ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే మొదటి జంతువు గంటల తరబడి బాధపడుతూ ఏ పొదల్లోనో పడి ఉంటుంది. మీ వయసులో రైఫిల్ పట్టుకోవడమే శిక్షణ పొందిన పెద్దవాళ్ల పక్కన, చట్టం ఒప్పుకున్న చోట మాత్రమే జరగాలి కాబట్టి, అక్కడ తేలికపాటి బుల్లెట్‌తోనే మొదలుపెట్టించమని అడగండి.

అంకెలు కావాలన్నారు కాబట్టి చెబుతున్నాను. థర్టీ ఆట్ సిక్స్ తరహా రైఫిల్‌తో జింకల మీదికి 150 చాలు, ఎల్క్ అనే పెద్ద దుప్పి, మూస్ మీదికి 180 మంచిది, రెండూ కలిసిన అడవిలో 165 పెట్టుకోవచ్చు. దట్టమైన అడవిలో దగ్గర్నుంచి పెద్ద ఎలుగును కొట్టవలసి వస్తే 200, 220 వైపు చూడాలి. ఆఫ్రికా అడవి దున్న వంటి ప్రమాదకరమైన జంతువుకు ఈ తూటానే చాలదు. 1912లో వచ్చిన .375 మ్యాగ్నమ్‌లో 300 గ్రెయిన్ల బుల్లెట్ దాని మీదికి పాత అలవాటు, అక్కడి కొన్ని దేశాల్లో ఆ వ్యాసమే చట్టం ఒప్పుకునే కనీసం కూడా. ఇక 165కు, 180కి మధ్య తేడా గురించి రాత్రంతా వాదించుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే సరైన చోట తగిలితే ఆ 15 గ్రెయిన్ల తేడా ఏ జంతువుకూ తెలియదు.

ఒక బరువు ఎంచుకున్నాక దానితోనే గురి కుదుర్చుకుని, దానితోనే వేటకు వెళ్లాలి. బుల్లెట్ బరువు మారితే బ్యారెల్ అదిరే తీరు మారుతుంది, దెబ్బ పడే చోటు కిందికో పైకో మాత్రమే కాదు, పక్కకు కూడా జరుగుతుంది. అందుకే సగం వాడిన రెండు వేర్వేరు పెట్టెల తూటాలను ఒకే జేబులో కలిపి వేసుకోకూడదు. కొనే ముందు రెండు మూడు బరువులను గురి కాగితం మీద మూడేసి చొప్పున కాల్పించి, ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూడండి. పుస్తకాలన్నీ 180 అన్నా, మీ రైఫిల్ 165ను మాత్రమే ఒక్కచోట గుత్తిగా వేస్తుంటే, గట్టి కట్టుబడి ఉన్న 165నే తీసుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య