చెయ్యి చూపిస్తే చేపే కుళాయి

విజయవాడ

చిరంజీవులు బుజ్జికీ, చంటికీ తాతయ్య ఆశీస్సులు.

బందరు రోడ్డులో ఆ పెద్ద షాపింగ్ మాల్‌కి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ బుజ్జిది ఒకటే ప్రశ్నట. "ఆ కుళాయికి తిప్పే బిళ్ళే లేదు. చెయ్యి పెడితే నీళ్ళొచ్చాయి, తీస్తే ఆగాయి. అద్దం వెనక ఎవరైనా కూచుని చూస్తున్నారా?" అని. ఎవరూ లేరమ్మా. ఉంటే పాపం, ఆ ఉద్యోగం పగవాడికి కూడా వద్దు.

మీకు పాలంటే ప్యాకెట్టే గానీ, మా చిన్నప్పుడు ఏలూరు కాలవ దగ్గర మా ఇంటి దొడ్లో ఒక గేదె ఉండేది. పొద్దున్నే మా నాయనమ్మ చెంబు పట్టుకుని ఎంత బతిమాలినా చుక్క రాలేది కాదు. దూడని విప్పితే అది పరిగెత్తుకొచ్చి మూతితో పొదుగుని రెండు పోట్లు పొడిచేది. అంతే, గేదె చేపేది, అంటే పొదుగులోకి పాలు వదిలేది. అప్పుడు దూడని ఈడ్చుకెళ్ళి గుంజకి కట్టడం నా వంతు. అది నా కాలు తొక్కకుండా వచ్చిన రోజు లేదు. ఖాళీ చెంబులో మొదటి ధార టంగుమని మోగేది. నురగ పైకొచ్చే కొద్దీ ఆ మోత బొంగురుపోయేది.

మీ కుళాయీ ఆ గేదె లాంటిదే. వంగి చూస్తే నల్లటి చిన్న బిళ్ళ ఒకటి కనపడుతుంది. అందులోంచి మన కంటికి ఆనని వెలుగొకటి మిణుకు మిణుకుమని వస్తూ ఉంటుంది. పరారుణ కిరణాలంటారు. మీరు చెయ్యి పెట్టగానే ఆ వెలుగు చేతికి కొట్టుకుని వెనక్కొచ్చి, పక్కనే ఉన్న బుల్లి కంటికి తగులుతుంది. అదీ దూడ మూతి! వెంటనే లోపలి తీగచుట్టలో కరెంటు పారుతుంది, చుట్ట అయస్కాంతమై చిన్న ఇనప కడ్డీని లాగుతుంది, నీళ్ళకి దారి తెరుచుకుంటుంది. చెవి ఒగ్గి వినండి, నీళ్ళకంటే ముందు 'టక్'మంటుంది. ఇంత హంగామాకీ చాలా కుళాయిల్లో నాలుగు పెన్సిల్ సెల్లులు చాలు.

ఒక ఏడు మా దూడ చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కూరి, కాళ్ళకి కర్రలు పెట్టి గేదె ముందు నిలబెట్టారు. అది నాకీ నాకీ చేపేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు. కుళాయినీ ఇలాగే మోసం చెయ్యొచ్చు. చేతికి బదులు తెల్ల కాగితం పెట్టినా నీళ్ళొదులుతుంది. నల్ల గుడ్డ పెడితే అది వెలుగుని మింగేస్తుంది గనక ఒక్కోసారి కదలదు, మెదలదు. తేడా ఏమిటంటే మా గేదెకి కొన్నాళ్ళకి అనుమానమొచ్చి నాయనమ్మని ఒక్క తన్ను తన్నింది. కుళాయికి ఎన్నేళ్ళైనా అనుమానం రాదు. దానికి మీరెవరో తెలీదు, వెలుగు వెనక్కొచ్చిందా లేదా అన్నదొక్కటే తెలుసు.

అయినా దానంటే నాకు గౌరవమే. మా వీధి కుళాయి బిళ్ళ ఎవరో ఊడబీక్కుపోతే గుడ్డపీలిక కుక్కి పుల్ల బిగించేవాళ్ళం. రాత్రి ఆ పీలిక జారితే తెల్లారేదాకా కృష్ణ నీళ్ళు మురిక్కాలవ పాలే. మీ ఇంట్లో కుళాయికి మాత్రం మీ చెయ్యే దిక్కు. పళ్ళు తోముకుంటూ పాటలు పాడేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. పేరు చెప్పను.

ఇక చంటిగాడి ఫిర్యాదు. బాబాయి కొత్త ఫ్లాట్ బాత్రూంలో వీడు కూచుని ఉండగానే లైటు ఆరిపోయిందట, చేతులూపితే గానీ వెలగలేదట. దీనికి నా గేదెని ఎంత లాగినా రావట్లేదు. ఆ లైటు దగ్గరుండే తెల్లటి బుడిపె ఏ వెలుగూ పంపదు. మీ ఒంట్లోంచి వచ్చే వేడి కిరణాలు అటూ ఇటూ కదిలితే పసిగడుతుంది. కదలకుండా కూచుంటే దాని లెక్కలో మీరూ ఒక బకెట్టే. మన బెజవాడ మే నెలలో గోడలు కూడా మన ఒంటికి సమానంగా కాగుతాయి కదా, అప్పుడు మనిషికీ గోడకీ తేడా తెలీక ఇంకా తికమకపడుతుంది.

1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండని గాజు పట్టకంతో రంగులుగా విడగొట్టి ఒక్కోదాంట్లో థర్మామీటరు పెట్టాడు. ఎరుపు కూడా దాటాక, ఏ రంగూ లేని చోట పెట్టింది అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది. ఈ కనపడని వెలుగు మొదటిసారి దొరికింది అలాగే. మీ ఒంట్లోంచి కూడా అలాంటిదే వస్తూ ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకున్నా మీరిద్దరూ వెలుగుతూనే ఉంటారు! ఎన్నిసార్లు అనుకున్నా నాకు వింతే.

చాలు, ఇక మీ పని. గదిలో దీపాలార్పి, టీవీ రిమోటు కొసని అమ్మ ఫోను ముందు కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కండి. రిమోటు పంపే పరారుణ మిణుకు ఫోను తెర మీద కనపడుతుందేమో చూడండి. వెనక కెమెరాలో సాధారణంగా కనపడదు. తర్వాత బాబాయి ఇంటికెళ్ళి, ఆ లైటు ఆరిపోయేదాకా కదలకుండా కూచోండి. చంటి దానికి ఎదురుగా నడవాలి, బుజ్జి అడ్డంగా నడవాలి. ఎవరికి ముందు వెలుగుతుందో నాకు తెలుసు, చెప్పను. మీరే రాయండి.

మీ తాతయ్య