పెన్‌గంగ ఒడ్డు పత్తి: లివర్‌పూల్ నుంచి న్యూయార్క్ దాకా

2025 దీపావళికి ముందు పాటన్‌బోరిలో మా పెద్దబాపు ఇంటి వరండా నిండా పత్తి ఉంది. పొద్దున లేవగానే ఆయన నన్ను అడిగిన మొదటి మాట: "న్యూయార్క్‌ల ఇయ్యాల ఎంతుందిరా?"

ఆయన మరాఠీ బడిలో నాలుగో తరగతి దాకా చదివారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పెన్‌గంగ వెంబడి ఊళ్లన్నీ దాదాపు ఇంతే. ఏరు దాటితే ఆదిలాబాద్. న్యూయార్క్ ఎటువైపు ఉందో ఆయనకు తెలియదు. అక్కడి ఫ్యూచర్స్ (వాయిదా బేరాల) మార్కెట్‌లో పత్తి పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని సెంట్లు పలికిందో చెబితే చాలు, ఆ రోజు పాండర్‌కవడ యార్డులో జిన్నింగ్ మిల్లు వాళ్లు ఎంతకు పాడతారో దాదాపు సరిగ్గా చెప్పేస్తారు.

ఆ లెక్క పెద్ద కష్టమైంది కాదు. క్వింటాలు పత్తిని జిన్నింగ్ చేస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజలు వస్తాయి. గింజల్ని మా వైపు సర్కి అంటాం. న్యూయార్క్‌లో దూది పౌను 65 సెంట్లు, డాలరు 88 రూపాయలు అనుకుంటే కిలో దూది 126 రూపాయలు. 34 కిలోలకు దాదాపు 4,290. సర్కి కిలో 35 చొప్పున వేస్తే ఇంకో 2,240. మొత్తం కలిపి 6,500. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 8,110. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1853లో నిజాం తన బాకీల కింద బీరారు ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. వణి, యవత్మాల్ అందులోవే. పెన్‌గంగకు అవతలి ఆదిలాబాద్ మాత్రం నిజాం చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచి మా ఏరు రెండు పాలనల మధ్య గీత అయింది. కంపెనీ బీరారును కోరుకోవడానికి ఒక కారణం ఇక్కడి నల్లరేగడి, అందులో పండే పత్తి.

ఎనిమిదేళ్లు తిరగకుండానే 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవుల్ని దిగ్బంధించింది. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు బతికేదే ఆ రేవుల నుంచి వచ్చే పత్తి మీద. మిల్లులు మూతపడ్డాయి, లివర్‌పూల్‌లో ధర నాలుగింతలు దాటింది. అందరి చూపూ బొంబాయి మీద, అక్కడి నుంచి బీరారు మీద పడింది. మా ముత్తాతల చేలల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది ఆ కాలంలోనే.

బొంబాయికి చేరిన ఆ డబ్బు ఊరికే కూర్చోలేదు. కొత్త బ్యాంకులు, కొత్త కంపెనీలు, సముద్రాన్ని పూడ్చి భూమి చేస్తామనే బ్యాక్‌బే రిక్లమేషన్ కంపెనీ పుట్టుకొచ్చాయి. ఆ కంపెనీ 5,000 రూపాయల షేరు 50,000 దాకా ఎగబాకిందని చెబుతారు. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే పత్తి వ్యాపారి ఆ జూదానికి నాయకుడు. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయాడు. యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ ఓడలెక్కింది. జులై 1న, వాయిదా బేరాలు తీర్చాల్సిన రోజున, బొంబాయి షేర్ బజారు కుప్పకూలింది. బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా తర్వాత మూతపడింది. దెబ్బతిన్న షేర్ బ్రోకర్లు ఒక సంఘంగా కూడింది 1875లో. ఈనాటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ అదే. అంటే ప్రపంచ రాజకీయానికీ షేర్ మార్కెట్‌కూ ఉన్న ముడి ఈ దేశంలో మొదట పడింది పత్తితోనే. ఆ పత్తిలో మా చేలదీ వాటా ఉంది.

తేడా ఒక్కటే. బ్రోకర్లకు సంఘం, నియమాలు, ఆఫీసు వచ్చాయి. రైతుకు రైలు, టెలిగ్రాఫ్ తీగ వచ్చాయి. 1867లో రైలు నాగపూర్ చేరింది, 1870లో సముద్రం కింది తీగతో బొంబాయి లండన్‌తో కలిసింది. అప్పటి నుంచి లివర్‌పూల్ ధర మా దగ్గరి వ్యాపారికి రోజుల్లో తెలిసిపోయేది. ఆ ధర పడితే తట్టుకునే ఏర్పాటు మాత్రం రైతుకు ఏదీ రాలేదు. 1899-1900 కరువులో తిండిగింజలు కొనలేక బీరారు తల్లడిల్లింది.

స్వాతంత్ర్యం తర్వాత కొంతకాలం తలుపులు మూసుకున్నాం. 1970లో కాటన్ కార్పొరేషన్ ఏర్పడింది. 1972లో మహారాష్ట్ర ఏకఛత్ర కొనుగోలు పథకం తెచ్చింది, పత్తిని ప్రభుత్వానికే అమ్మాలని. మా పెద్దబాపు వయసు వాళ్లకు ఆ రోజులు బాగా గుర్తు. ఆదిలాబాద్‌లో ధర ఎక్కువుంటే రాత్రిళ్లు ఎడ్లబండ్లు పెన్‌గంగ దాటేవి. ఇక్కడ ఎక్కువుంటే అవతలి పత్తి ఇటు వచ్చేది.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చాక ఆ కాలం మెల్లగా పోయింది. 2001 చివరికి ప్రపంచ ధర పౌనుకు 40 సెంట్ల లోపుకు దిగింది. అదే సీజన్‌లో అమెరికా తన పత్తి రైతులకు 300 కోట్ల డాలర్లకు పైగా సబ్సిడీ ఇచ్చింది. అప్పట్లో అక్కడ పత్తి రైతులు సుమారు పాతిక వేల మంది. ధర ఎంత పడినా వాళ్లు విత్తుతూనే ఉంటారు, ఎందుకంటే నష్టం వాళ్ల ప్రభుత్వం భరిస్తుంది. బ్రెజిల్ 2002లో దీని మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలిచింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. ఆ డబ్బు బ్రెజిల్‌కు వెళ్లింది. యవత్మాల్‌కు ఆ ఏళ్లలో వచ్చింది ఆత్మహత్యల జిల్లా అనే పేరు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ విదర్భకు వచ్చి 3,750 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అప్పటికే ఎన్నో ఇళ్లలో మనుషులు లేరు.

ఇక్కడి నుంచి ఒక విషయం గమనించాలి. నా మటుకు ఈ కథలో అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. 2010లో పాకిస్తాన్ వరదలు, చైనా కొనుగోళ్లు కలిసి ధరను పైకి లేపాయి. 2011 మొదట్లో న్యూయార్క్‌లో పౌను 2 డాలర్లు దాటింది. 3,000 మద్దతు ధర ఉన్న ఆ సీజన్‌లో మా దగ్గర క్వింటాలు ఆరేడు వేలు పలికింది. అదే సీజన్‌లో కేంద్రం ఎగుమతులను 55 లక్షల బేళ్లకు కట్టడి చేసింది, మిల్లులకు దూది ఖరీదవుతోందని. 2012 మార్చి 5న ఏకంగా నిషేధమే పెట్టింది. వ్యవసాయ మంత్రి శరద్ పవార్ తనకు కూడా చెప్పలేదని బాహాటంగా అన్నారు, కొద్ది రోజులకు అది ఎత్తేశారు. 2021లో దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం వేశారు. 2022లో ధర 10,000 దాటగానే ఏప్రిల్‌లో ఆ సుంకాన్ని కొన్ని నెలలు ఎత్తేశారు. ధర పెరిగితే ఎగుమతి ఆగుతుంది, లేదా దిగుమతి సుంకం పోతుంది. మరి ధర పడినప్పుడైనా ఆ సుంకం రైతుకు కాపు కాస్తుందా అంటే, 2025లో జరిగింది చూడండి.

ఆ ఏడాది ఏప్రిల్ 2న ట్రంప్ దాదాపు అన్ని దేశాల మీదా సుంకాలు ప్రకటించారు. రెండు రోజుల్లో అమెరికా షేర్ సూచీ పది శాతం పైగా పడింది. ఏప్రిల్ 7న మన సెన్సెక్స్ 2,200 పాయింట్లకు పైగా నష్టపోయింది. 9న చాలా సుంకాలను 90 రోజులు వాయిదా వేయగానే అమెరికా మార్కెట్ ఒక్కరోజే తొమ్మిది శాతం పైగా లేచింది. షేర్లున్నవాడు ఆ వారంలో అమ్ముకోవచ్చు, మళ్లీ కొనుక్కోవచ్చు. మృగశిర వానకు విత్తనం వేసిన వాడికి ఆ వీలు లేదు. జూన్‌లో పెట్టిన గింజ మీద అక్టోబరు దాకా ఏ నిర్ణయమూ మార్చుకోలేడు.

విత్తాక అసలు దెబ్బ వచ్చింది. ఆగస్టు 7న భారత సరుకుల మీద అమెరికా సుంకం 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27న, అంటే వినాయక చవితి రోజున, ఇంకో 25. మన బట్టల ఎగుమతుల్లో నాలుగో వంతుకు మించి వెళ్లేది అమెరికాకే. తమిళనాడులో బట్టలు కుట్టే ఊరు తిరుప్పూర్‌లో ఆర్డర్లు ఆగాయి. మిల్లుల్ని ఆదుకోవడానికి కేంద్రం ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మిల్లు కార్మికుల కష్టం నిజమే, వాళ్లలోనూ మనవాళ్లు ఎందరో ఉన్నారు. అయినా పైన చెప్పిన లెక్కలో దూది ధర మీద 11 శాతం ఎంతో చూడండి: కిలో దూదికి 14 రూపాయలు, క్వింటాలు పత్తికి 470 దాకా. యుక్రెయిన్ యుద్ధం, రష్యా చమురు, వాషింగ్టన్ కోపం, ఇవన్నీ కలిసి పాటన్‌బోరి వరండాలో ఆ 470 రూపాయలుగా దిగాయి.

మద్దతు ధర ఉంది కదా అంటారు. తేమ 12 శాతం దాటితే ఆ ధరకు తీసుకోరు. ఆ అక్టోబరులో మా వైపు వానలు వదల్లేదు. ఇక్కడి భూమి సాత్‌బారా అనే మహారాష్ట్ర భూమి కాగితం మీద ఉంటుంది, అవతల పట్టాదారు పాసుబుక్ మీద. చుట్టాలున్నా, దారి దగ్గరైనా, మా పత్తికి ఆదిలాబాద్ యార్డులో మద్దతు ధర అడిగే హక్కు లేదు. పూర్వం రాత్రిపూట బండి దాటేది. ఇప్పుడు మద్దతు ధరకు నమోదు చేసుకునే యాప్‌లో పేరు దాటదు.

పెద్దబాపు వరండాలో పత్తిని రెండుసార్లు ఎండబెట్టారు. ఎరువుల దుకాణం బాకీ దీపావళికి తీర్చాలి, ఏరిన కూలీలకు కిలో లెక్కన ఇవ్వాలి. పండుగకు నాలుగు రోజుల ముందు క్వింటాలు 6,700కు ప్రైవేటు వ్యాపారికి తోలేశారు. సుంకం రాయితీ గడువు తీరిన డిసెంబరు 31 నాటికి ఆ వరండాలో ఎండు పత్తికట్టె మాత్రమే ఉంది, పొయ్యిలోకి.