పాత పుస్తకాల వేట: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరులో పాత పుస్తకాలు కొని అమ్మడం నా పని. కొనేది ఎక్కువగా ఇళ్ల దగ్గర, పాత పేపర్ల కొట్లలో. అమ్మేది మాత్రం ఇల్లంతా పుస్తకాలతో నిండిపోయినా ఇంకా కావాలనే వాళ్లకి. ఆ మనుషులంటే నాకు చాలా ఇష్టం. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి ఫోన్ చేసి, ఫలానా పుస్తకం ఎక్కడైనా కనపడిందా అని నెలల తరబడి అడుగుతూనే ఉంటారు. దొరికింది సార్ అని చెప్పినప్పుడు వాళ్ల గొంతులో వినపడే సంతోషం కోసమే ఈ పని వదలబుద్ధి కాదు. అయితే పాత పుస్తకాల గురించి జనం చెప్పుకునే మాటల్లో చాలా వరకు తప్పులున్నాయి. వాటి వల్ల మంచి పుస్తకాలు చిత్తుగా పేపరు మిల్లుకు పోతున్నాయి, కొనేవాళ్ల డబ్బూ వృథా అవుతోంది.

అపోహ: మంచి పుస్తకం దొరకడం అంతా అదృష్టం.

అదృష్టం కొంత ఉంటుంది, కాదనను. కానీ ఎప్పుడు, ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్లకే ఆ అదృష్టం ఎక్కువసార్లు తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాత పేపర్ల కొట్ల ముందు గుట్టలు చూసి సంబరపడకండి, అవన్నీ గైడ్లు, టెస్ట్ పేపర్లు, ఇంటర్ మెటీరియల్. సాహిత్యం బయటపడేది సంక్రాంతి ముందు, ఇళ్లు దులిపి వెల్ల వేయించేటప్పుడు అటకల మీద నుంచి మూటలు దిగినప్పుడు. ఆ మూటల్లో కొన్ని నేరుగా భోగి మంటలోకే పోతాయి, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఇంకోటి, మూలాపేట, రంగనాయకులపేట లాంటి చోట్ల పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారని తెలిస్తే, సామాన్లు సర్దక ముందే వెళ్లి పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడాలి. సర్దేశాక వెళ్తే బీరువాలు, మంచాలు ఉంటాయి, పుస్తకాలు ఉండవు.

పాత పేపర్ల కొట్టు ఆయనకు కేజీల లెక్కే లెక్క, గోతం మూట విప్పకుండా లారీ ఎక్కిస్తాడు. "అన్నా, పుస్తకాలు వస్తే పక్కన పెట్టు, పేపరు రేటు మీద రెండు రూపాయలు ఎక్కువేసి తీసుకుంటా" అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకుంటే చాలు. రెండోసారి ఆయనే ఫోన్ చేస్తాడు. పనికిరానివి వచ్చినా కొన్నిసార్లు తీసుకోవాలి, లేకపోతే మూడోసారి ఫోన్ రాదు.

పెద్ద ఊళ్ల సంగతి అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, కోఠి, విజయవాడలో అలంకార్ థియేటర్ దగ్గరి షాపులు. మన నెల్లూరోళ్లకు చెన్నై కూడా దగ్గరే, రైలెక్కితే మూడు గంటల దారి. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయినా ఆ పక్కనే కట్టిన కాంప్లెక్స్‌లో పాత పుస్తకాల వ్యాపారం సాగింది. చాలాకాలం తెలుగు పుస్తకాలు మద్రాసులోనే అచ్చయ్యేవి, వావిళ్ల వారి ప్రెస్సు అక్కడిదే, చందమామ 1947 జూలైలో మొదలైందీ అక్కడే. అందుకే తమిళ పుస్తకాల గుట్టల అడుగున తెలుగు పుస్తకం కనపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. తెలుగు చదవడం రాని షాపువాడు దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెడతాడు కాబట్టి ఓపికగా ప్రతి గుట్టా చూడాలి.

అపోహ: ముద్రణ వివరాల పేజీ పోతే ఆ పుస్తకం ఎప్పటిదో చెప్పలేం.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తా. ముందు వెల చూడండి. రు. 1-8-0 అని ఉంటే రూపాయి ఎనిమిదణాలు, అంటే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రాకముందు వేసిన వెల. "న.పై." అని ఉంటే నయా పైసలు, ఆ మాట 1964 జూన్‌లో పోయింది కాబట్టి పుస్తకం దాదాపు ఆ ఏడేళ్లలోది. తర్వాత పబ్లిషర్ చిరునామా చూడండి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది, ఆరంకెలు కనపడితే పుస్తకం ఆ తర్వాతదే. వెనకట్ట మీద 978తో మొదలయ్యే పదమూడంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే అంతర్జాతీయ నంబరు) ఉంటే 2007 నుంచి ఇటీవలి కాలానిది, పదంకెలైతే అంతకుముందుది.

మన జిల్లాల వాళ్లకి ఇంకో ఆధారం కూడా ఉంది. పాత లైబ్రరీ ముద్రల్లో, బడి బహుమతి చీటీల్లో ఊరి పేరు కింద జిల్లా పేరు ఉంటుంది. ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరిలో, గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి. దానికి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. కాబట్టి "ఒంగోలు, గుంటూరు జిల్లా" అని ముద్ర ఉంటే అది 1970కి ముందు వేసింది. "మార్కాపురం, కర్నూలు జిల్లా" అన్నా అంతే. కందుకూరు దగ్గర మాత్రం జాగ్రత్త, అది 1970కి ముందు నెల్లూరు జిల్లా, 2022లో మళ్లీ నెల్లూరులోకే వచ్చింది. ముద్ర ఎప్పుడు వేశారో తెలిస్తే పుస్తకం అంతకంటే ముందుదని తేలినట్టే. ఇలా వెల, చిరునామా, ముద్ర మూడూ కలిపి చూసి, ఇది 1957కీ 1964కీ మధ్యది, కనిగిరిలో ఎవరో చదివింది అని తేల్చుకున్నప్పుడు వచ్చే ఆనందం ఎంత ఖరీదు పెట్టి కొత్త పుస్తకం కొన్నా రాదు. కొన్నవాళ్లు చాలామంది ఇంటికెళ్లి చదవడం కంటే ముందు చేసే పని ఇదే.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువ. అలాగే, ఎంత పాతదైతే కాగితం అంత బలహీనం.

రెండూ తప్పే. తెలుగులో మొదటి ముద్రణ అనగానే వేలకు వేలు పెట్టే కొనుగోలుదారులు బాగా తక్కువ. వాట్సాప్‌లో చూసి "మా దగ్గర పాత చందమామలు ఉన్నాయి, లక్షలు పలుకుతాయంట కదా" అని ఫోన్లు వస్తుంటాయి. స్కాన్లు ఆన్‌లైన్లో దొరికాక కేవలం చదువుకోవడం కోసం కొనేవాళ్లు తగ్గారు, కొనేవాళ్లు అట్ట, లోపలి పేజీలు అన్నీ సరిగ్గా ఉన్న సంచికే అడుగుతారు. అంటే నిర్ణయించేది వయసు కాదు, పుస్తకం పూర్తిగా ఉందా లేదా అన్నది.

కాగితం విషయానికొస్తే, 1920ల్లో మంచి కాగితం మీద వేసిన కావ్యం ఇప్పటికీ పేజీ తిప్పితే వంగుతుంది, 1970ల్లో న్యూస్‌ప్రింట్ మీద వేసిన నవల మడిస్తే పెళుసుగా విరిగిపోతుంది. చెక్క గుజ్జు కాగితంలో ఉండే లిగ్నిన్, ఆమ్లమే దానికి కారణం. కొనేముందు చివరి పేజీ మూల ఒకసారి మెల్లగా వంచి చూడండి, చిట్లితే ఆ పుస్తకం ఇక ఎక్కువ చేతులు మారితే తట్టుకోదు, మారకూడదు కూడా. సోవియట్ కాలంలో మాస్కోలో తెలుగులో అచ్చేసి పంపిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు ఇప్పటికీ విడిపోకుండా ఉన్నాయంటే వాటి కుట్టు బైండింగే కారణం. గమ్ బైండింగ్ పుస్తకాలు నడుము దగ్గర తెరిస్తే చాలు, రెండు ముక్కలు.

పుస్తకం పూర్తిగా ఉందో లేదో చూడడానికి పేజీ నంబర్లన్నీ లెక్కపెట్టే టైం ఉండదు. పాత పుస్తకాల్లో ప్రతి ఫారం (ఒకే షీటు మీద అచ్చేసి మడిచిన పేజీల కట్ట) మొదటి పేజీ అడుగున ఒక చిన్న అంకె వేస్తారు, ఎక్కువగా పదహారు పేజీలకొకటి. ఆ అంకెలు వరసగా ఉన్నాయా అని చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. ఒక ఫారం పోయినా బాధపడొద్దు. స్కాన్ దొరికితే ఆ పేజీలు ప్రింట్ తీసి బైండర్‌కి ఇస్తే చక్కగా కుట్టి ఇస్తాడు.

అపోహ: అన్నీ నెట్లో ఉన్నాయి, ఇక పాత పుస్తకాలెందుకు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు గొప్ప సాయం, నేనూ రోజూ వాడతాను. కానీ వాటిలో పేజీలు తప్పిపోయినవి, వంకరగా పడ్డవి, చీకటిగా వచ్చినవి చాలా ఉన్నాయి. ఎక్కడా స్కాన్ కానివీ చాలానే ఉన్నాయి. వాటిల్లో నాకు బాగా విలువైనవి ఇళ్లలో ఆడవాళ్లు వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు కత్తిరించి, వారం తర్వాత వారం దాచి, బైండ్ చేయించుకున్న సంపుటాలు. ఆ సీరియళ్లకు పత్రికలో వేసిన బొమ్మలు తర్వాత పుస్తకంగా వేసినప్పుడు చాలా వాటిల్లో రాలేదు. రచయిత పుస్తకం కోసం మార్చిన, తీసేసిన భాగాలు కూడా అందులోనే మిగిలి ఉంటాయి. ఎక్కడా ఇంకో కాపీ లేని పుస్తకమది. పేపర్ల కొట్లో మాత్రం దాన్ని చిత్తుకాగితంగానే చూస్తారు.

అపోహ: లైబ్రరీ ముద్ర ఉంటే దొంగ సొత్తు.

అన్నీ కాదు. మన ఊళ్లలో ఒకప్పుడు వీధికో అద్దె లైబ్రరీ ఉండేది, అవి మూతపడ్డప్పుడు పుస్తకాలు టోకున అమ్మేశారు, ఆ ముద్రలున్నవి నిస్సంకోచంగా కొనొచ్చు. ప్రభుత్వ శాఖా గ్రంథాలయం ముద్ర ఉండి, రద్దు చేసినట్టు ఇంకో ముద్ర లేకపోతే మాత్రం నేను కొనను, ఆ లైబ్రేరియన్‌కి చెప్తాను. తాళపత్రాలు ఎవరైనా తెస్తే అదీ కొనను. డెబ్భై ఐదేళ్లు దాటిన, విలువైన రాతప్రతులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వ్యాపారానికి లైసెన్సు కావాలి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థకు చూపించమని చెప్పి పంపిస్తాను.

అపోహ: పాత పుస్తకం తెస్తే ఇల్లంతా పురుగు. కలరా ఉండలు వేస్తే చాలు, ఎండలో పెడితే ఇంకా మంచిది.

భయం పూర్తిగా తప్పు కాదు, వైద్యం తప్పు. కలరా ఉండల వాసనకు చెదలు ఆగవు, ఆ ఆవిరి మనుషులకు మంచిది కాదు, పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. రోహిణి కార్తె ఎండలో పుస్తకం పెడితే కాగితం ఇంకా పెళుసవుతుంది, నీడలో గాలి తగిలేలా తెరిచి పెడితే చాలు. కొత్తగా తెచ్చిన వాటిని కొన్నాళ్లు వేరే గదిలో ఉంచండి. పురుగు ఉందని అనుమానమైతే కవర్లో గాలి చొరబడకుండా బిగించి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, తీశాక ఒక రోజు ఆగి కవరు విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది. తడిసి బూజు పట్టినది మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు, ఆ చెమ్మలో బూజు పక్క పుస్తకానికి పాకుతుంది. బయటి గోడకు అల్మారా ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. చిరిగిన పేజీకి సెల్లో టేప్ వేయొద్దు, అది గోధుమరంగు మరకై మిగిలిపోతుంది. మన బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలిపేది పురుగు రాకుండానే, ఆ పద్ధతి తెలిసిన బైండర్ మీ ఊళ్లో ఉంటే ఆయన్ని జాగ్రత్తగా చూసుకోండి.

అపోహ: పాతవి కొంటే రచయితకు అన్యాయం.

చట్టం ప్రకారం ఒకసారి అమ్ముడైన కాపీని మళ్లీ అమ్మడం తప్పు కాదు. రచయితకు దాని నుంచి ఏమీ రాదన్నదీ నిజమే. అందుకే రచయిత ఉండి, పుస్తకం మార్కెట్లో దొరుకుతుంటే కొత్తదే కొనమని నా దగ్గరికి వచ్చినవాళ్లకి నేనే చెప్తాను. జిరాక్స్ తీసి బైండ్ చేసి అమ్మే నకిలీ కాపీలు వేరే సంగతి, అవి తాకను.

అపోహ: ఇల్లు నిండిపోయింది, ఇక కొనడం ఆపేయాలి.

అల్మారాలో రెండు వరసలు పెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఆపమని నేను చెప్పలేను. వెనక వరసలో ఏముందో మరిచిపోయి అదే పుస్తకం మళ్లీ కొనడం మాత్రం ఆపొచ్చు. ప్రతి అర ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, గుట్ట ముందు కూర్చున్నప్పుడు అదే పనికొస్తుంది. అడుగు పొడవున సర్దిన పుస్తకాలు పది కేజీల దాకా తూగుతాయి కాబట్టి చెక్క అర రెండున్నర అడుగులకు మించి పొడవుంటే మధ్యలో ఊత వేయించండి. రెండు కాపీలున్న వాటిలో బాగున్నది ఉంచుకుని రెండోది నాకివ్వండి, లేదా మీ ఊరి శాఖా గ్రంథాలయంలో అడిగి ఇవ్వండి. పొదిలిలోనో, ఆత్మకూరులోనో దాని కోసం వెతుకుతున్నవాళ్లు ఒకరైనా ఉంటారు, వాళ్ల ఫోన్ నంబర్లు నా డైరీలో ఉన్నాయి.