గేటు దగ్గర కూర్చునే అమ్మ గురించి

ప్రియమైన పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. రెండో తరగతిలో చేరిన బాబు వాళ్ళమ్మ పొద్దస్తమానం బడి గేటు దగ్గరే ఉంటుందనీ, పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడుతుందనీ, ఒక్కోసారి వాడి మీద గట్టిగా అరుస్తుందనీ రాశారు. "ఆవిడకి కోపమెక్కువా టీచరమ్మా?" అని అడిగారు. వైకల్యమున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో నా ఉద్యోగమంతా అలాంటి అమ్మల మధ్యే గడిచింది కాబట్టి, నాకు తెలిసింది చెబుతాను.

వాడికి సెరిబ్రల్ పాల్సీ అన్నారు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొన్నాళ్ళకో మెదడులో కొంత భాగం దెబ్బతింటే వస్తుంది. కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవచ్చు, మాట తడబడవచ్చు. అంటుకునేది కాదు. తెలివికి ఏ లోటూ లేని పిల్లలూ ఉంటారు. మా దగ్గరికొచ్చే అమ్మలు చాలామంది ఇదంతా ఒక్క ముక్కలో చెప్పేవారు: "పుట్టగానే ఏడవలేదండీ."

వాళ్ళ ఒత్తిడి ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండదు. బిడ్డ మెడ నిలపడు, కూర్చోడు. పెద్దవాళ్ళేమో "వాళ్ళ నాన్నకీ నడక ఆలస్యమేలే" అంటారు. ఏదో తేడా ఉందని అమ్మకి తెలుసు, అదేమిటో చెప్పేవాళ్ళుండరు. డాక్టరు చెప్పిన రోజు కుప్పకూలుతుంది, మెల్లగా తేరుకుంటుంది. అదే నెలలో పుట్టిన పక్కింటి పాప తప్పటడుగులు వేస్తుంటే మళ్ళీ గుండెలో కలుక్కుమంటుంది. బళ్ళో చేర్చేటప్పుడు మరోసారి. 1981లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఏ వయసులో ఎంత బాధ ఉంటుందని బుద్ధి ఎదుగుదల వెనకబడిన పిల్లల తల్లిదండ్రులనీ అడిగారు, సోషల్ వర్కర్లనీ అడిగారు. సోషల్ వర్కర్లు తొలి రోజుల బాధను ఉన్నదానికంటే ఎక్కువగా, తర్వాతి ఏళ్ళ బాధను తక్కువగా అంచనా వేశారు. మన ఊళ్ళలోనూ అంతే. మొదట్లో చుట్టాలందరూ వచ్చి కళ్ళు తుడుస్తారు. ఏడేళ్ళు వచ్చేసరికి ఎవరూ తొంగిచూడరు. అప్పటికి బిడ్డ బరువు పెరిగి ఉంటుంది, ఎత్తుకునే నడుము మాత్రం పాతదే.

వైకల్యం ఎంత ఎక్కువైతే ఒత్తిడి అంత ఎక్కువని అనుకుంటాం కదా? అలా లేదు. మూడేళ్ళ పిల్లలున్న కుటుంబాలను ఏడాదిపాటు గమనించిన మరో అమెరికా పరిశోధన 2003లో వచ్చింది. ఎదుగుదల ఎంత వెనకబడిందన్నదానికంటే పిల్లల పేచీలు, మొండితనం, కేకలే తల్లిదండ్రులను ఎక్కువగా అలసిపోయేలా చేశాయట. పైగా అది రెండువైపులా నడుస్తుంది. బిడ్డ పేచీతో అమ్మ సహనం తగ్గుతుంది, అమ్మ చిరాకుతో పేచీ ఇంకా పెరుగుతుంది. మీరు విన్న అరుపు ఆ తిరకాసులో నుంచి వచ్చిందే అయ్యుంటుంది. రాత్రి నిద్ర లేకపోతే మరీను. ఫిట్స్ కూడా ఉన్న పిల్లల అమ్మలు ఒక చెవి తెరుచుకునే పడుకుంటారు.

మీ సైన్సు పుస్తకంలో హార్మోన్లు ఉన్నాయిగా, ఒత్తిడిని తట్టుకోవడానికి ఒంట్లో ఊరే కార్టిసాల్ కూడా అలాంటిదే. నిద్ర లేచాక పెరిగి, రాత్రికి తగ్గుతుంది. ఎదిగిన ఆటిజం పిల్లల తల్లులను పరీక్షిస్తే వాళ్ళలో అది మామూలు తల్లులకంటే బాగా తక్కువగా ఉందని 2010లో తేలింది. ఏళ్ళ తరబడి సాగిన ఒత్తిడికి ఒళ్ళు కూడా అలా మారిపోతుంది. ముక్తసరి మాటలకు పొగరే కారణం కానక్కర్లేదు.

ఇక బయటి ఒత్తిడి. వైకల్యం ఎంతో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి స్లాట్ దొరకాలి, బిడ్డని ఎత్తుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాలి, నలభై శాతం వైకల్యం ఉందని రాయించుకోవాలి. అది లేకపోతే పింఛను లేదు. చిన్నపిల్లలకి తరచూ తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు. గడువు తీరాక మళ్ళీ అదే క్యూ. దానిపైన మాటలు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందట, ఏ జన్మ పాపమో అంటారు. మేనరికం వల్ల కొన్ని జన్యుజబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ ఆ సంబంధం కుదిర్చిన పెద్దలే తర్వాత కోడల్ని వేలెత్తి చూపడం నేను చాలా ఇళ్ళలో చూశాను. నాన్నలకీ బాధ ఉంటుంది, కాదనను. వాళ్ళకి పొద్దున్నే పనికి వెళ్ళే దారి ఒకటుంది.

ఉద్యోగం చేసే అమ్మలకి సెలవు దొరకడమే కష్టం. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కాలేజీ టీచరు కొడుకు చికిత్స కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇలాంటి పిల్లల తల్లులకి శిశు సంరక్షణ సెలవు నిరాకరించకూడదని 2024 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. కూలికెళ్ళే అమ్మకి ఆ సెలవూ లేదు.

ఆవిడ గేటు దగ్గరే ఎందుకుంటుందో నేను ఊహించగలను. ఇంటర్వెల్లో వాణ్ణి బాత్రూముకి ఎత్తుకెళ్ళాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం బళ్ళు ఇలాంటి పిల్లలు వాడుకోగలిగేలా ఉండాలి. మీ టాయిలెట్‌కి ర్యాంపు ఉందా, పట్టుకోవడానికి కడ్డీలున్నాయా చూడండి. తలుపు వెడల్పు టేపుతో కొలవండి, తొంభై సెంటీమీటర్లుంటే చక్రాల కుర్చీ సులువుగా పడుతుంది. లెక్క రాసి హెడ్మాస్టరు గారికివ్వండి.

వాళ్ళక్క మీ బళ్ళోనే అయిదో తరగతి అని కూడా రాశారు. బుద్ధిమంతురాలు, ఏదీ అడగదు అన్నారు. ఇలాంటి ఇళ్ళలో అక్కలు అడగరు. అమ్మకి ఇంకో పని పెట్టకూడదనుకుంటారు. ఆ పిల్లకి ఏ ఆట ఇష్టమో, పుట్టినరోజు ఎప్పుడో కనుక్కుని నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ